షెన్‌జెన్‌లో జేబునిండా యువాన్లు, తాగడానికి టీ లేదు

చైనాలోని ఈ నగరంలో 2017కల్లా సిటీ బస్సులన్నీ కరెంటువే, సంతోషం. కానీ వంద యువాన్ల నోటు తీస్తే కొట్టువాడు అలా బిత్తరపోతాడేంటండీ? నగదు వద్దనడం అక్కడ నిబంధనలకు విరుద్ధమే. అందరూ ఫోన్‌తోనే కడుతుంటే గల్లాలో చిల్లర ఉంటేగా! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు.

పోనీ ఫోన్‌తో డబ్బు కట్టే చైనా యాప్ అలీపే ఉందిగా అంటారు. ఉంది. పాస్‌పోర్ట్ ఫొటో ఎక్కించాలి, వీసా కార్డో మాస్టర్‌కార్డో కలపాలి. దానికి ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. అసలు తిరకాసు ఓటీపీ దగ్గర. అది వచ్చేది మన సిమ్‌కే. రోమింగ్ లేకపోతే రాదు. డేటా ఈసిమ్ (ఫోన్‌లోనే ఎక్కించుకునే, నెట్ మాత్రమే ఇచ్చే సిమ్) కొన్నాం కదా అనుకుంటే, దానికి ఆ ఎస్సెమ్మెస్ రాదుగా! అందుకే ఈ తతంగమంతా ఇల్లు కదలకముందే ముగించాలి. ఇంతా చేశాక, ఒక్క బిల్లు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము.

గూగుల్ మ్యాప్స్ సంగతి సరేసరి. అసలే అక్కడి వైఫైలో తెరుచుకోదు. అడ్డు దాటించే వీపీఎన్ యాప్‌తో తెరిచినా, చైనా మ్యాపుల అక్షాంశ రేఖాంశాల లెక్కే వేరు కాబట్టి మనమున్న చోటు చూపే చుక్క వందల మీటర్లు పక్కకి జరిగి నవ్వుతుంది.

ఈలోగా ఫోన్ చచ్చిపోతుంది. అద్దె పవర్‌బ్యాంకులు అడుగడుగునా ఉన్నాయి. తీసుకోవాలంటే? ముందు ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చేయాలట!