వేట మనిషి కోసమైతే సొరుగులు లాగడం దేనికి?

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండ్‌లో తనిఖీలు చేస్తున్న పోలీసులపై దుండగులు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. 4న జానకీపురంలో ఎదురుకాల్పులు జరిగేదాకా అప్పటి నల్లగొండ జిల్లాలో గాలింపు సాగింది. అలాంటి వేళ ఇళ్లలో వెతకడానికి వారెంట్ తెచ్చేదాకా ఆగమని పోలీసులను చట్టం కూడా అనదు. ఏ అధికారంతో గడప దాటారని మాత్రం అడుగుతుంది.

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన నేర విచారణ ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 44వ సెక్షన్ (సీఆర్‌పీసీ 47) మనిషిని పట్టుకోవడానికి. అరెస్టు చేయాల్సిన వ్యక్తి ఫలానా ఇంట్లోనే ఉన్నాడని నమ్మడానికి కారణం ఉండాలి. తామెవరో, ఎందుకొచ్చారో చెప్పి దారివ్వమని అడగాలి. అప్పటికీ తెరవకపోతేనే తలుపు పగలగొట్టొచ్చు. పరదా పాటించే ఆడవాళ్లు లోపలుంటే ముందు వాళ్లను పక్కకు వెళ్లనివ్వాలి. మంచం కింద, అటక మీద, గొడ్ల కొట్టంలో వెతకొచ్చు. బీరువా సొరుగులో మనిషి పట్టడు కదా! దాన్ని లాగితే 44 అండగా నిలవదు.

వస్తువుల కోసమైతే అదే చట్టంలో 185వ సెక్షన్. ఏం వెతుకుతున్నారో, వారెంట్ కోసం ఎందుకు ఆగలేరో దర్యాప్తు అధికారి సోదాకు ముందే కేస్ డైరీలో రాయాలి. ఫోన్‌తోనైనా వీడియో తీయాలి. స్థానికులు ఇద్దరిని పంచులుగా (సాక్షులుగా) పెట్టి, ఇంటివాళ్ల కళ్లముందే సోదా చేసి, జప్తు జాబితా నకలు వాళ్ల చేతికివ్వాలి. పంచనామా తీరిగ్గా స్టేషన్‌లో రాసి, తెల్లారి పంచులతో సంతకాలు పెట్టిస్తే కేసు బలహీనపడేది అక్కడే.

ఇక నల్లగొండ, మహబూబ్‌నగర్ బస్తీలకు కొత్త కాని కార్డన్ సెర్చ్, అంటే బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతికే సోదా, సంగతి. ఫలానా నిందితుడని లేదు, ఫలానా ఇల్లని లేదు. వాకిట్లో నిలిపిన బైకుకు కాగితాల్లేవని స్టేషన్‌కు తోలుకుపోతారు. ఇంటింటి సోదా ఈ రెండు సెక్షన్లలో దేనికిందికీ రాదు. ‘ఇంటివాళ్లు ఒప్పుకున్నారు’ అంటారు. తెల్లవారుజామున యూనిఫాంలో గుంపుగా వచ్చి తలుపు కొడితే కాదనేదెవరు?

సోదా అక్రమమైనా దొరికిన ఆధారం సాధారణంగా చెల్లుతుందని సుప్రీంకోర్టు పూరన్‌మల్ కేసులో చెప్పింది. పోలీసుల ధీమాకు అదీ ఒక కారణమే. అయితే 185 కింద రాసిన కారణాల నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు పంపాలి; ఇంట్లో ఉంటున్నవారు దరఖాస్తు చేస్తే మేజిస్ట్రేటు దాన్ని ఉచితంగా ఇవ్వాలి. సోదా జరిగిన మూడోరోజు లాయరు ముందుగా వేయాల్సింది ఆ దరఖాస్తే. కోర్టుకు నకలే రాలేదని తేలితే, కారణాలు రాయకుండా చేసిన సోదా చట్టవిరుద్ధమని రాజస్థాన్ ప్రభుత్వం వర్సెస్ రెహమాన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అక్కడ అక్కరకొస్తుంది.