ఫోర్ బై ఫోర్ ఒక్కసారి కూడా వేయలేదండీ!

పాత బండ్ల ప్రకటనల్లో ఈ మధ్య ఒక కొత్త పుణ్యం వెలిసింది. "ఫోర్ బై ఫోర్ ఉంది కానీ మేం ఒక్కసారి కూడా వాడలేదు." ఈ మాట ఎవరూ తలదించుకుని చెప్పడం లేదు. ఛాతీ విరుచుకుని, ధర పక్కనే, మూడు ఆశ్చర్యార్థకాలు తగిలించి మరీ చెబుతున్నారు. చదివినవాళ్లు కూడా "అబ్బ, ఎంత జాగ్రత్తపరులో" అని మురిసిపోయి ఫోన్లు చేస్తున్నారు. ఇంతటి నిగ్రహానికి దక్కాల్సిన గౌరవం దక్కడం లేదన్న బాధతో ఈ నాలుగు ముక్కలు.

ఇంతకీ వీళ్లు వాడకుండా దాచిపెట్టినదేమిటి? ఇంజన్ శక్తిని రెండు చక్రాలకు బదులు నాలుగింటికీ పంపే ఏర్పాటు. గేర్ బాక్స్ వెనక, ఆ శక్తిని ముందుకూ వెనక్కీ పంచే ఒక ట్రాన్స్‌ఫర్ కేస్, అక్కడి నుంచి ముందుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాన్ని ఎడమ, కుడి చక్రాలకు పంచే ముందు డిఫరెన్షియల్, రెండు యాక్సిల్ షాఫ్టులు, వాటి చివర షాఫ్టునీ చక్రాన్నీ కలిపే, విడదీసే హబ్బులు. ఈ ఇనుమునంతా ఏళ్ల తరబడి డీజిల్ పోసి ఊరంతా ఊరేగించారు. పని మాత్రం చెప్పలేదు. లోపల బేరింగులకు, సీళ్లకు నూనె అందేది చాలావరకు గేర్ల పళ్లు తిరిగి చిమ్మితేనే. హబ్బులు ఫ్రీలో ఉండి ముందు యాక్సిల్ ఆగిపోతే నూనె అడుగున పడుకుంటుంది. పైనున్న బేరింగులకు తేమ పడుతుంది, సీళ్లు ఎండి గట్టిపడతాయి. బటన్ నొక్కితే పడే రకమైతే ఆ పని చేసే చిన్న మోటారు తుప్పు పట్టి బిగుసుకుంటుంది. వాక్యూమ్‌తో పనిచేసే హబ్బులైతే రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తాయి. ఆరేళ్లు మంచం దిగని మనిషిని లేపి పరుగుపందెంలో నిలబెట్టి, "చూడండి, కాళ్లు కొత్తవే, అసలు నడవలేదు" అన్నట్టుంది వ్యవహారం.

టొయోటా తన పార్ట్ టైమ్ (అంటే డ్రైవరు వేసినప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే) ఫోర్ వీల్ బండ్ల మాన్యువల్‌లో నెలకు కనీసం 16 కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడపమని రాసింది, ముందు భాగాలకు నూనె అందడం కోసం. ఆ మాన్యువల్ గ్లవ్ బాక్సులోనే ఉంటుంది. దాన్ని కూడా మనవాళ్లు ఒక్కసారీ వాడలేదు.

ఇక చూపించే ఘట్టం. లివర్‌కు ముఖ్యంగా మూడు స్థానాలు: మామూలుగా రెండు చక్రాలకు టూ హై, నాలుగింటికి ఫోర్ హై, నాలుగింటికీ నెమ్మదిగా, ఎక్కువ బలంతో ఫోర్ లో (లో రేంజ్). కొనేవాడు మర్యాదగా అడుగుతాడు.

"ఒక్కసారి ఫోర్ లో వేసి చూపిస్తారా?"

"అవసరమొస్తే పడుతుందండీ."

"ఇప్పుడు అవసరమే కదండీ."

"ఇప్పుడు బురద లేదు కదండీ!"

"బురద లేకపోయినా గేరు పడాలి కదా."

"అలవాటు లేని గేరండీ, బలవంతం చేయకూడదు."

కాసేపు ఇలాగే సాగాక లివర్ మీద చెయ్యి పడుతుంది. దానికింకా షోరూం వాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవరే ఉంది. లివర్ సగం దాకా వచ్చి ఆగుతుంది. కింద నుంచి కర్రుమని చప్పుడు. డ్యాష్‌బోర్డులో ఫోర్ బై ఫోర్ దీపం మిణుకు మిణుకుమంటుంది. "చూశారా, లైటు కూడా వచ్చింది!" మిణుకుమంటే ఇంకా పడలేదనీ, నిలకడగా వెలిగితేనే పడినట్టనీ కొనేవాడు చెబుతాడు. "బ్యాటరీ కొంచెం వీకండీ" అని జవాబు. ఈలోగా అరుగు మీద పేపరు చదువుకుంటున్న బావమరిది తల ఎత్తి "బావా, న్యూట్రల్ చేసి బండి అడుగు వెనక్కి, అడుగు ముందుకి దొర్లించు" అంటాడు. ఆ ఇంట్లో బండి సంగతి తెలిసినవాడు ఈయనొక్కడే. అందుకే ఇన్నాళ్లూ తాళం ఈయన చేతికి ఇవ్వలేదు. దొర్లించగానే పళ్లకు పళ్లు కుదిరి టక్కున పడుతుంది. అందరూ చప్పట్లు కొట్టినంత పని చేస్తారు. అమ్మేవాడు మెరిసే కళ్లతో ధర ఇంకాస్త పెంచుదామా అని కూడా ఆలోచిస్తాడు.

అప్పుడు తెలుస్తుంది, అది తిరిగి టూ హైకి రాదని.

లాగుతారు, తోస్తారు, బావమరిదిని కూర్చోబెడతారు. రాదు. ఇప్పుడా బండి మనిషి నడకకు సాయం వెళ్లగలదు, అంతకు మించి కాదు. "మీరు వేయమన్నారనే వేశాం. మా చేతుల్లో ఉన్నంతకాలం ఏ కంప్లయింటూ లేదు. పాడుచేసింది మీరు, కాబట్టి మీరే కొనాలి." ఈ న్యాయశాస్త్రానికి కొనేవాడి నోట మాట రాదు. ఇంత గోలలోనూ వెనక డోర్ తీసి చూస్తున్న కొనేవాడి భార్య మాత్రం ఒక ప్రశ్న అడిగింది, ఎవరూ పట్టించుకోలేదు. ఆ ప్రశ్న దగ్గరికి తర్వాత వద్దాం.

నిజంగా పరీక్షించాలంటే పెద్ద విద్యేమీ అక్కర్లేదు. వదులు కంకరో, మట్టి నేలో చూసుకోవాలి. తారు రోడ్డు మీద వద్దు. పార్ట్ టైమ్ రకంలో ఫోర్ వేస్తే ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి బిగిసిపోతాయి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి, ఆ తేడా పోవడానికి టైరు జారాలి. తారు మీద టైరు జారదు, ఆ మెలి అంతా గేర్ల మీద పడుతుంది. చేత్తో తిప్పే హబ్బులైతే ముందు దిగి రెండూ లాక్ చేయాలి. ఒక్కదాన్నే లాక్ చేసి "ఫోర్ పనిచేయడం లేదు" అని తేల్చేసే కొనుగోలుదారులూ ఉన్నారు, వాళ్ల మీద వేరే వ్యాసం రాయాలి. ఫోర్ హైలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా ఒక చుట్టు కొట్టాలి. స్టీరింగ్ బిగుసుగా, బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టుగా ఉంటే మంచి వార్త. టూలో ఎంత హాయిగా తిరిగిందో ఫోర్‌లోనూ అంతే హాయిగా తిరిగితే ముందు చక్రాలకు శక్తి అందనట్టే, దీపం ఎంత బ్రహ్మాండంగా వెలిగినా సరే. అదే చుట్టులో కటకటమని లయ తప్పకుండా వినిపిస్తే ముందు యాక్సిల్ జాయింటు పోయింది. కిందకి వంగి చూస్తే ఆ జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు చక్రం లోపలి వైపు చిమ్మి కనబడుతుంది.

తర్వాత బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, ఫోర్ లో వేసి ఫస్టు గేరులో యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ వదలాలి. మనిషి నడక కంటే నెమ్మదిగా, ఆగకుండా పాకాలి. ఎత్తు ఎక్కేటప్పుడు కింద ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలి చైను పళ్లు దాటుతున్నట్టు టకటకమంటే చైను సాగింది. దిగేటప్పుడు కాలు తీయగానే లివర్ తనంతట తాను న్యూట్రల్‌కి ఎగిరొస్తే లోపల గేరును పట్టి జరిపే ఫోర్కు అరిగింది. ఏది పోయినా ట్రాన్స్‌ఫర్ కేస్ దించాల్సిందే. అమ్మేవాడు "వాడలేదు కాబట్టి తెలియదండీ" అంటే, పనిచేస్తుందో లేదో తెలియని దానికి డబ్బు అడగకూడదు. అదే మోడల్ టూ వీల్ డ్రైవ్ ఎంతకు వస్తుందో అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ చెప్పొద్దు. మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి.

అసలు లో రేంజే లేని, నాలుగు చక్రాలకూ శక్తిని బండే తనంతట తాను పంచుకునే ఆల్ వీల్ డ్రైవ్ బండ్లకు కూడా వెనక "ఫోర్ బై ఫోర్" స్టిక్కర్లు అంటించి అమ్మే కళాకారులు వేరు. అవి చెడ్డవేం కావు, తడిసిన రోడ్డుకు, మంచుకు చక్కగా సరిపోతాయి. కానీ వాటికి నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు బోడివి అయితే చుట్టుకొలతలు తేడా వచ్చి ముందు, వెనక చక్రాలను కలిపే కప్లింగ్ తిన్నటి రోడ్డు మీద కూడా జారుతూనే ఉంటుంది, వేడెక్కి చస్తుంది. "ముందు రెండూ కొత్త టైర్లేనండీ" అని గర్వంగా చూపించేది సరిగ్గా ఇలాంటి బండికే. టైరు పక్కన డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. నల్ల పాలిష్ ఆ అంకెల్ని దాచదు.

నల్ల రంగు అంటే గుర్తొచ్చింది, బండి కిందకి వెళ్లాలి. చాసిస్ మొత్తం నిగనిగలాడుతూ కనబడితే సంతోషించకండి. ఆ రంగు బ్రేకు గొట్టాల మీద, రబ్బరు బుష్‌ల మీద, సైలెన్సర్ క్లిప్పుల మీద కూడా పడిందా చూడండి. పడితే అమ్మకానికి ముందు రోజు స్ప్రే కొట్టారన్నమాట. ఫ్యాక్టరీవాడు రబ్బరుకు రంగు వేయడు. స్క్రూడ్రైవర్ పిడితో వెనక చక్రాల పైన, స్ప్రింగులు తగిలించే చోట తట్టండి. ఠంగుమంటే ఇనుము, మొద్దుగా పలికితే రంగు కింద తుప్పు. మట్టి చేరి తడి ఆరని చోట్లివే, చాసిస్ ముందు పోయేదీ ఇక్కడే. ఇంజన్ నడిచినంతకాలం మార్చుకోవచ్చు, చాసిస్ పోతే బండి లేదు.

డిఫరెన్షియల్ నూనె చూడాలంటే ముందు పైనున్న ఫిల్లర్ బోల్టు విప్పాలి, ఆ తర్వాతే కింద డ్రెయిన్. తలకిందులుగా చేసి నూనె వదిలేశాక ఫిల్లర్ బిగుసుకుందని తెలిస్తే బండి కదలదు. వేలు పెడితే నూనె పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. వేడెక్కిన హౌసింగ్ నీళ్లలో దిగి చల్లబడినప్పుడు లోపలి గాలి ముడుచుకుంటుంది. లోపలికి గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఒక్కసారీ ఫోర్ వేయని, తారు రోడ్డు దిగని బండిలో ఈ నీళ్లు ఎక్కడివండీ అని అడిగి చూడండి. జవాబు కోసం కాదు, ముఖం చూడటం కోసం.

ఇంజన్ సంగతి తెలిసిన మెకానిక్ చూస్తాడు, ఇక్కడ పొడిగించను. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే మాత్రం తిరిగి వచ్చేసి మర్నాడు చెప్పకుండా వెళ్లండి. చల్లటి ఇంజన్ పొగ దాచలేదు. స్టార్టులో ఉండగా ఆయిల్ మూత తీస్తే ఆగకుండా ఆవిరి ఉప్పెనలా తన్నుతుంటే బ్యాక్ కంప్రెషన్, అంటే అరిగిన పిస్టన్ రింగుల పని.

ఇప్పుడు వెనక డోర్ తీసిన ఆవిడ అడిగిన ప్రశ్న. "మూడో వరసలో బెల్టులేవండీ?"

సీటు కవర్లు కుట్టించినప్పుడు అడ్డమొస్తున్నాయని కోసేశారట. "పిల్లలే కదండీ కూర్చునేది, సర్దుకుంటారు." ఈ మాట అంటున్నప్పుడు ఆ పిల్లలు ఎదురుగానే ఉన్నారు. పిల్లలే కదా అంటాడేమిటి? పిల్లలు కాబట్టే కదా! ఎదురెదురుగా పక్క సీట్లు ఉన్న బండ్లలో బెల్టు ఉన్నా చైల్డ్ సీటు బిగించే వీలు ఉండదు. లేకపోతే ఇక చెప్పేదేముంది, బ్రేకు వేసిన క్షణంలో ఆ పిల్లవాడు ముందు సీటు ఇనుపకడ్డీ మీదికి వస్తాడు. ప్రతి బెల్టూ చివరిదాకా లాగి చూడండి. చివర బురద గీత ఉంటే బండి వరదలో మునిగింది. గబుక్కున లాగితే పట్టుకోవాలి, పట్టుకోకపోతే అది రిబ్బను. లాగినా అసలు రాకుండా బిగుసుకుపోతే గుద్దినప్పుడు బెల్టును బిగించే లోపలి మందు ఒకసారి పేలి ఉండొచ్చు, ఆ తర్వాత మార్చి ఉండరు.

తాళం తిప్పగానే ఎయిర్ బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పోయిందో, పీకేశారో. ఇంజన్ స్టార్టయిన క్షణంలోనే ఆయిల్ దీపంతో పాటు సరిగ్గా కలిసి ఆరితే, దాని వైరు తీసి దీనికి కలిపారని అనుమానించాలి. స్కానర్ పెట్టిస్తే నిమిషంలో తేలుతుంది. ఆలోచించండి, ఈ పని చేసినవాడికి ఎలక్ట్రికల్ పని వచ్చు. సంచి లేదని తెలుసు. ఉన్నట్టు కనబడేలా చేయడానికి స్టీరింగ్ విప్పి, వైరు వెతికి, టంకం పెట్టి, టేపు చుట్టి, మళ్లీ బిగించాడు. అంత ఓపిక సంచి కొనడానికి పెట్టలేదు. దొంగకైనా ఆ ఇంట్లో ఎవరున్నారో తెలియకపోవచ్చు. వీడికి తెలుసు. మీ పిల్లల్ని పేరడిగాడు, బుగ్గ గిల్లాడు, తాళం చేతిలో పెట్టాడు. గేరు పడకపోతే తోసుకుంటాం, చాసిస్ తుప్పు పడితే తూకానికి అమ్ముకుంటాం. దీన్ని మాత్రం "పాత బండి అన్నాక ఏదో ఒకటి ఉంటుంది లెండి" అని సర్దుకునేవాళ్లను చూస్తే అమ్మినవాడి కంటే వాళ్ల మీదే ఎక్కువ ఒళ్లు మండుతుంది. లేచి వచ్చేయండి. అడ్వాన్సు పోయినా సరే.

ఇవన్నీ దాటిన బండి దొరికితే, ఉన్న డబ్బంతా దానికే పోయొద్దు. నాలుగో వంతు ముందే పక్కన పెట్టి, మిగతాదానితోనే బేరానికి దిగాలి. ఇంజన్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు డిఫరెన్షియల్స్, ఈ ఐదు చోట్లా నూనె మార్చాలి, కూలెంటు, బ్రేకు ఆయిలూ మార్చాలి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చనట్టే. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లను కొడతాయి. అసలు మీ దారి ఏడాదిలో పది రోజులు గుంతలూ, మిగతా రోజులు తారూ అయితే నేల నుంచి ఎత్తున్న టూ వీల్ బండి, నాలుగు మంచి టైర్లు చాలు. ఫోర్ వీల్ కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు.

చివరగా బండి కింద వేలాడే స్టెప్నీ దించి చూపించమనండి. దాని చైను తుప్పు పట్టి దిగదు. దిగితే సైజు వేరే ఉంటుంది. సైజు కలిస్తే గాలి ఉండదు. జాకీ హ్యాండిల్ సీటు కింద ఉందంటారు. ఉండదు.