కథకూ బ్రేక్ దర్శనం ఇప్పించండి

తెలుగు కథకు పాఠకులు లేరని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు మైకు వదలకుండా బాధపడుతుంటారు. ఇది తిరుపతి వాళ్ళు చెవిన వేసుకోవాల్సిన మాట కాదు. ఒక్క క్షణం దర్శనం కోసం జనాన్ని గంటల తరబడి కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టి, పాలూ ఉప్మా ఇచ్చి, చివరికి ‘జరగండి జరగండి’ అని తోలేసినా మళ్ళీ ఏడాది తిరక్కుండా రప్పించుకునే కొండ మన నెత్తిమీదే ఉంది. ఆ పద్ధతుల్ని సాహిత్యంలో ఎందుకు పెట్టరన్నదే నా ప్రశ్న.

ప్రస్తుతం ఆన్‌లైన్‌లో నడుస్తున్నది తలకిందుల వ్యవహారం. ఇక్కడ కంపార్టుమెంటులో కూర్చునేది కథ. రచయిత ఆరు నెలలు చెక్కి, అన్నాలు తిని జనం ఫోన్లు పట్టుకునే శుభముహూర్తం చూసి, రాత్రి తొమ్మిదికి ఫేస్‌బుక్‌లో పెడతాడు. పాఠకుడి బొటనవేలు వస్తుంది. ‘జరుగు జరుగు’ అంటుంది. అయిపోయింది దర్శనం.

నిమిషం తిరక్కుండానే మొదటి కామెంటు: ‘కళ్ళు చెమర్చాయి సార్.’ కథ పన్నెండు పేజీలు. పైగా హాస్య కథ. అయినా రచయిత ‘మీలాంటి సహృదయులే నా ఊపిరి’ అని జవాబిస్తాడు. ఆ తర్వాత ఆయన్ని దగ్గర్నుంచి చూడాలి. ఫోన్ బోర్లా పెడతాడు. మజ్జిగ తాగుతాడు. ఫోన్ వెల్లకిలా తిప్పుతాడు. తెరను వేలితో కిందికి లాగి వదులుతాడు. గిర్రున తిరిగే ఆ చిన్న చక్రం వైపు చూసేటప్పుడు ఉండే భక్తి గరుడసేవ రోజు మాడవీధుల్లో కూడా కనబడదు.

‘‘పదిహేడు లైకులు!’’

‘‘పదకొండు మన చుట్టాలవే’’ అని వంటింట్లోంచి వినిపిస్తుంది.

ఇలాంటివాళ్ళను అన్నమయ్య పేరు చెప్పి ఓదార్చేవాళ్ళున్నారు. ఆయన 32,000 సంకీర్తనలు రాశాడంటారు. 1503లో కన్నుమూశాడు. వాటిని చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలో ఒక అరలో ఉండిపోయి 1922లో గానీ బయటపడలేదు. నాలుగు వందల ఏళ్ళు ఒక్క నోటిఫికేషన్ లేదు. నిజమే. కానీ ఆయనకు కావాల్సిన శ్రోత ఒక్కడే, ఆ ఒక్కడూ ఎక్కడికీ పోకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. మనకా సౌకర్యం లేదు.

అందుకే ఈ పథకం. మామూలు పాఠకులకు సర్వదర్శనం. కథ ఊరికే చదవొచ్చు, కాకపోతే ప్రతి పేజీ చివరా ప్రకటన అయిపోయేదాకా కూర్చోవాలి. 300 రూపాయలు కట్టినవాళ్ళకు నేరుగా క్లైమాక్సు. ఎమ్మెల్యే లెటరు తెచ్చినవాళ్ళకు బ్రేక్. వాళ్ళు కథ చదవనక్కర్లేదు, రచయితే ఇంటికొచ్చి శాలువా కప్పి సారాంశం చెప్పి వెళ్తాడు. (పుస్తకావిష్కరణ సభల్లో ఇది ఎప్పట్నుంచో అమల్లో ఉన్నదే. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.) చివరిదాకా చదివినవాళ్ళకు చిన్న లడ్డు ఒకటి ఉచితం. చదివారో లేదో తేల్చడానికి కథలో మేనమామ పేరేంటని అడిగితే సరిపోతుంది.

ఎస్వీ యూనివర్సిటీ దగ్గర టీ అంగట్లో సాహితీ మిత్రుల ముందు దీన్ని పెట్టాను. ఏకగ్రీవంగా ఆమోదించారు. మరి క్యూలో మొదట ఎవరు నిలబడతారని అడిగితే మాత్రం ఒకాయన సీరియల్‌కి రేపు నూటపదో భాగం బాకీ ఉందన్నాడు. ఇంకొకాయన పోటీకి ఈ రాత్రే కథ పంపాలన్నాడు. మూడో ఆయన, తన శైలి పాడవుతుందని ఇతరుల కథలు ముట్టడట.

అంగడాయన గ్లాసులు కడుగుతూ అంతా విన్నాడు. ‘‘ఏం సామీ, అందురూ రాసేవోళ్ళే అయితే ఆ లడ్డు ఎవురికి?’’ అన్నాడు.

విషయం పరిశీలించడానికి అక్కడికక్కడే ఉపసంఘం వేశాం, వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాం. సభ్యులందరూ బళ్ళు స్టార్టు చేసే లోపే తమ తమ కథల లింకులు అందులో పెట్టి, కింద ‘వీలు చూసుకుని తప్పక చదవండి’ అని రాసి, గ్రూపును మ్యూట్ చేసుకుని వెళ్ళిపోయారు.