లిజనింగ్‌లో పదికి పది, మీటింగ్‌లో సున్నా

మహారాజశ్రీ ఇంగ్లిష్ సంభాషణల పాఠ్యపుస్తకం గారికి,

లిజనింగ్ టెస్టులో పదికి పది తెచ్చుకున్న మీ పాత విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న ఆన్‌లైన్ మీటింగ్‌లో ఇరవై నిమిషాలు ప్రెజెంటేషన్ ఇచ్చాను. అంతా విన్నాక అవతలి పెద్దాయన కాస్త ఆగి, "వెల్... ఫాంట్ చాలా స్పష్టంగా ఉంది" అన్నారు. థాంక్యూ చెప్పాను, అదీ రెండుసార్లు. మధ్యాహ్నమంతా కూర్చుని నా పాత ఫైళ్లన్నిటికీ అదే ఫాంట్ పెట్టాను. సాయంత్రానికి తెలిసింది, ఆ పని ఇంకొకరికి ఇచ్చేశారని. మిగతావాళ్లందరికీ మీటింగ్‌లోనే అర్థమైపోయిందట.

తమరు నాకు నేర్పిందేమిటండీ? రైలు ఎన్నింటికి కదిలింది, ఆవిడ గొడుగు రంగేమిటి. నీలం. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆవిడ అసలు గొడుగు మాట ఎందుకెత్తిందని మాత్రం మీరు ఒక్కసారైనా అడిగారా?

మీ పేజీల్లో మనుషులు బంగారం. పార్టీకి వస్తావా అంటే "లేదు, నేను పార్టీకి రావడం లేదు" అని నిండు వాక్యం అప్పజెబుతారు. బయటివాళ్లు "రేపు పరీక్ష ఉంది" అని ఊరుకుంటారు. ఒకాయన్ని ఏదో అడిగితే "పోప్ క్యాథలిక్కేనా?" అన్నాడు. "అవునండీ, క్యాథలిక్కే" అని వినయంగా జవాబిచ్చాను. అంత తెలిసిందీ అడగాలా, అవుననే అని ఆయన భావమట. ఆ సంగతి వదిలేయండి.

ఫాంట్ దగ్గరికే వస్తాను. పాల్ గ్రైస్ అనే తత్వవేత్త 1967లో హార్వర్డ్‌లో చేసిన ప్రసంగాల్లో ఒక సిఫార్సు లేఖ ఉంది. ఫిలాసఫీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన శిష్యుడి గురించి గురువు రాస్తాడు: ఇతని ఇంగ్లిష్ చాలా బాగుంటుంది, తరగతులకు క్రమంగా వస్తాడు. అంతే, సంతకం. ఫిలాసఫీ ఊసే లేదు. ఇది అచ్చంగా నా ఫాంటే కదండీ! ఆ ప్రసంగం 1975లో అచ్చయింది. ఇలాంటివి దగ్గర కూర్చోబెట్టి నేర్పితే పట్టుబడతాయని లారెన్స్ బౌటన్ అనే భాషా పరిశోధకుడు 1990ల్లోనే రాశాడు. తమరి కొత్త ఎడిషన్‌లో మారింది అట్ట రంగు.

నేనేమీ మొద్దుని కాను. తెలుగులో ఎవరైనా "బాగుంది" అనకుండా "బాగానే ఉంది" అంటే, ఆ "నే" దగ్గరే నా గుండె జారిపోతుంది. అది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, చుట్టూ వింటూ పెరిగాను. ఇంగ్లిష్ వింటూ పెరగలేదు కాబట్టే కదా నిన్ను కొన్నాను! ఇంగ్లిష్‌లో ఆ "నే" ఎక్కడ దాక్కుంటుందో చెప్పాల్సింది నువ్వు. జవాబుకు ముందు ఆగిన ఆ అర క్షణంలో ఉంటుందని, కిందికి దిగి మళ్లీ పైకి లేచే గొంతులో ఉంటుందని నువ్వు చెప్పాలి. నీ ఆడియోలో ఒక్కడైనా ఆగి మాట్లాడాడా? ప్రశ్న ముగిసీ ముగియకముందే జవాబు! ఇక "వెల్" అంటావా, బావి అని నేర్పావు. బొమ్మతో సహా. ఆ బావిలోనే పడ్డాను.

నిన్న ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు నీ పేరు చెప్పి, "ఆ పుస్తకం ఎలా ఉంటుందన్నా?" అని అడిగాడు.

కాస్త ఆగాను. "అట్ట గట్టిగానే ఉంటుంది" అన్నాను.

"అయితే ఇంకేదైనా చెప్పన్నా" అన్నాడు.

ఇట్లు,
మీ పదికి పది