ఏడడుగుల రెండంగుళాల సత్నాం ఎక్కడ ఆగిపోయాడు?

శ్రీకాకుళం, విజయనగరం బడుల్లో తొమ్మిదో తరగతికే ఆరడుగులు దాటిన కుర్రాడు దొరికితే, డ్రిల్లు మాస్టారు వాణ్ణి తీసుకెళ్లి బాస్కెట్‌బాల్ రింగు కింద నిలబెడతారు. బంతి పైకి విసిరితే వాడు అందుకుని వేసేస్తాడు. జిల్లా పోటీలకు అది సరిపోతుంది. ఆ పైన ఏమవుతుందో సత్నాం సింగ్ భమారా కెరీర్‌లో చూడొచ్చు.

పంజాబ్ పల్లెటూరి రైతుబిడ్డ. లూధియానాలో ఆట నేర్చుకుని, 2010లో స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడా వెళ్లాడు. 2015 జూన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, డాలస్ మావరిక్స్ జట్టు అతణ్ణి 52వ ఎంపికగా తీసుకుంది. మన దేశం నుంచి ఎంపికైన మొదటివాడు. అయితే రెండో రౌండులో ఎంపికైనవాళ్లకు కాంట్రాక్టు హామీ ఉండదు. అనుబంధ లీగ్‌లో టెక్సస్ లెజెండ్స్‌కు రెండు సీజన్లు ఆడినా ఎక్కువ సేపు బెంచీ మీదే గడిచింది. ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు.

కారణం ఆటలోనే ఉంది. డ్రాఫ్ట్‌కు కొద్ది రోజుల ముందే మరో ఎన్‌బీఏ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఫైనల్స్ మధ్యలో తమ పొడుగాటి సెంటర్‌ను (రింగు దగ్గర ఆడేవాణ్ణి) ఆరంభ జట్టులోంచి తప్పించి, పొడుగు తక్కువ ఆటగాళ్ల జట్టుతో టైటిల్ గెలిచింది. అంటే రింగు కింద కాపలా కాసే పనికి గిరాకీ తగ్గుతున్న వేళ సత్నాం తలుపు తట్టాడు. పిక్ అండ్ రోల్ అనే ఎత్తుగడలో ఒకడు ప్రత్యర్థి దారికి అడ్డంగా నిలబడతాడు, అదే స్క్రీన్. బంతి నడిపే గార్డు దాన్ని వాడుకుని దూసుకొస్తాడు. కాపలా కాసే సెంటర్ వెనక్కి తగ్గితే గార్డు 7.24 మీటర్ల నుంచి మూడు పాయింట్లు కొడతాడు. ముందుకొస్తే పక్కనుంచి దాటేస్తాడు. రెండూ ఆపాలంటే తుంటి కిందికి దించి, అడ్డంగా రెండు మూడు అడుగులు చకచకా జరగాలి. అంత బరువైన ఒంటితో ఆ కదలిక ఇరవై ఏళ్లకు మొదలుపెడితే రాదు.

2019 నవంబరులో డోపింగ్ పరీక్షలో హైజెనమైన్ అనే నిషేధిత పదార్థం బయటపడింది. కొన్ని మొక్కల్లోనూ ఉండే పదార్థమిది. రెండేళ్ల నిషేధం పడింది. 2021లో అతను ప్రొఫెషనల్ రెజ్లింగ్‌కు మారిపోయాడు. నిషేధిత పదార్థం ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, తెలియక తీసుకున్నా సరే. జిమ్ముల్లో అమ్మే పొడుల డబ్బా మీద పదార్థాల పేర్లు పూర్తిగా ఉండకపోవచ్చని మన కుర్రాళ్లకు ఎవరైనా చెబుతున్నారా?

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో 2000 సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం దాకా వెళ్లింది. విజయనగరం జిల్లా కొండవెలగాడలో లిఫ్టర్లు తయారవుతూనే ఉన్నారు. బారు, ప్లేట్లు, మంచి గురువు ఉంటే ఆ సాధన ఊళ్లోనే సాగుతుంది. బాస్కెట్‌బాల్‌కు అవి చాలవు. ఎదురుగా తనంత పొడుగువాడో, తనకన్నా వేగమున్నవాడో ఉండాలి. రెండు మూడు రోజుల్లో ముగిసిపోయే స్కూల్ గేమ్స్‌లో పిల్లాడికి అలాంటి మ్యాచ్‌లు ఎన్ని దొరుకుతాయి?

పొడుగువాళ్లు దొరకకపోయినా చురుకైనవాళ్లు ప్రతి బడిలో ఉంటారు. వారానికి రెండు రోజులు జట్టుకు ముగ్గురేసి ఆడే త్రీ ఆన్ త్రీ పెట్టి, పొడుగు కుర్రాణ్ణి గార్డుగా ఆడించాలి. బంతి వాడే తేవాలి, పొట్టి పిల్లలకు వాడే కాపలా కాయాలి. ఓడిపోతాడు, ఓడిపోనివ్వండి. రింగు ముందుండే 4.9 మీటర్ల వెడల్పు పెయింట్‌ గడికి ఈ అంచు నుంచి ఆ అంచుకు కాళ్లు కలవకుండా అడ్డంగా జరగడం ముప్పై సెకన్లు, నిమిషం విరామం, అలా నాలుగుసార్లు. వేగంగా పొడుగవుతున్న ఏడాదిలో సిమెంటు కోర్టు మీద గెంతులు తగ్గించాలి. మోకాలిచిప్ప కింద ఎముక నొక్కితే నొప్పంటే ఆ వారం గెంతులు పూర్తిగా మాన్పించి, గెంతకుండా ఎడమచేతి లేఅప్ (రింగు దగ్గర నుంచి బంతి వేయడం), 4.6 మీటర్ల నుంచి ఫ్రీ త్రోలు మాత్రం వేయించండి.