తుపాకీ లైసెన్సు ఇవ్వకపోతే ఇవ్వకండి, ఎందుకివ్వరో మాత్రం రాసి ఇవ్వండి

తుపాకీ లైసెన్సు అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి సీమ ఫ్యాక్షన్, రెండోది నడుముకి పిస్టల్ పెట్టుకుని తిరిగే రియల్ ఎస్టేట్ పెద్దమనిషి. అందుకే ఎవరి దరఖాస్తు అయినా తిరస్కరించారంటే "మంచి పని చేశారు" అనేసి ఊరుకుంటారు. నేను మాట్లాడేది వాళ్ల గురించి కాదు. పదిహేడేళ్లో ఇరవై ఏళ్లో ఆర్మీలో చేసి, నలభై దాటీ దాటకముందే పెన్షన్ కాగితాలతో ఊరికి తిరిగొచ్చి, పిల్లల చదువుల కోసం బ్యాంకు గుమ్మం దగ్గరో, నగల షాపు ముందో, ఏటీఎంలకు డబ్బు తీసుకెళ్లే వ్యాన్‌లోనో డబుల్ బ్యారెల్ పట్టుకుని నిలబడే మాజీ సైనికుల గురించి.

ఆ ఉద్యోగాలు ఎలా వస్తాయో చాలామందికి తెలియదు. సెక్యూరిటీ ఏజెన్సీకి వెళ్తే మొదటి ప్రశ్న: "గన్ ఉందా? సొంత లైసెన్సేనా?" ఉందంటే గన్‌మెన్ పోస్టు. లేదంటే లాఠీ, విజిల్, రాత్రి డ్యూటీ. జీతంలో తేడా ఉంటుంది, మర్యాదలో అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది. దేశం ఇరవై ఏళ్లు నమ్మి ఆయుధం చేతికిచ్చిన మనిషి, ఊరికొచ్చాక పన్నెండు బోరు తుపాకీకి లైసెన్సు అడిగితే, ఆయన్ని నమ్మాలా వద్దా అని మళ్లీ మొదటి నుంచి విచారణ జరుగుతుంది. విచారణ జరగాలి, అందులో నాకు అభ్యంతరం లేదు. నా కోపమంతా అది ముగిసే పద్ధతి మీద.

మా మామయ్య హవల్దార్‌గా రిటైరయ్యారు. డిశ్చార్జ్ బుక్, డాక్టరు సర్టిఫికెట్, గన్‌మెన్‌గా తీసుకుంటామని ఏజెన్సీ రాసిచ్చిన లెటర్, అన్నీ జత చేసి దరఖాస్తు పెట్టారు. ఒక్క కేసు లేదు, ఊళ్లో ఒక్క గొడవ లేదు. ఎంక్వైరీకి ఇంటికొచ్చిన కానిస్టేబుల్ అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఒకటే.

"మీకు ఎవరితోనైనా శత్రుత్వాలున్నాయా?"

"లేవండి, నాకెవరితో శత్రుత్వం?" అన్నారు మామయ్య, ఉన్నది ఉన్నట్టు.

నెలలు గడిచాక వచ్చిన ఆర్డర్ ఒక్క వాక్యం. పోలీసు రిపోర్టు ప్రకారం దరఖాస్తుదారునికి ప్రాణహాని ఏమీ లేనందున దరఖాస్తు తిరస్కరించడమైనది. అంతే. ఆయన ప్రాణహాని ఉందని అడగనే లేదు. ఉద్యోగం కోసం అడిగారు, ఆ ముక్క దరఖాస్తులో స్పష్టంగా ఉంది, లెటర్ జత చేసి ఉంది. అడిగిన దానికి జవాబు లేదు. అడగని దానికి జవాబు ఇచ్చి ఫైలు మూసేశారు.

శత్రువులు లేరంటే ప్రాణహాని లేదు కాబట్టి లైసెన్సు లేదు. పోనీ, ఆయన "పక్క పొలం వాళ్లతో తగాదా ఉందండి, భయంగా ఉంది" అని ఉంటే? అప్పుడు రిపోర్టులో ఏమి రాసేవారో తెలిసిందే. ఇరువర్గాల మధ్య వివాదాలున్నాయి, ఆయుధమిస్తే శాంతిభద్రతలకు భంగం కలిగే అవకాశం ఉంది. ఆర్మీ నుంచి వచ్చిన మామయ్య స్నేహితులు కొందరి ఆర్డర్లు చూశాను. కొన్ని మొదటి రకం, కొన్ని రెండో రకం. ఏ జవాబు చెప్పినా ఒకే ఫలితం వచ్చే ప్రశ్నను విచారణ అని ఎలా అంటాం?

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. చాలామంది చదవకుండానే వదిలేస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1959 ఆయుధాల చట్టంలో సెక్షన్ 13 దరఖాస్తు గురించి. లైసెన్సు ఇచ్చే అధికారి దగ్గర్లోని పోలీస్ స్టేషన్ ఇన్‌చార్జి నుంచి రిపోర్టు తెప్పించుకోవాలి, అవసరమైతే సొంతంగా విచారణ చేయాలి, ఆ తర్వాత నిర్ణయం తీసుకోవాలి. అంటే నిర్ణయం అధికారిది. పోలీసు రిపోర్టు ఆ నిర్ణయానికి ఒక ఆధారం మాత్రమే. గడువులోగా స్టేషన్ నుంచి రిపోర్టు రాకపోతే, దాని కోసం ఇంకా ఎదురు చూడకుండా ఉత్తర్వు ఇచ్చే వీలు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఎస్‌ఐ గారు రాసిన రెండు లైన్లు సీఐ, డీఎస్పీ, ఎస్పీ ఆఫీసుల మీదుగా కలెక్టరేట్‌కి చేరి, అవే రెండు లైన్లు తిరస్కరణ ఉత్తర్వుగా బయటకు వస్తే, ఆ మధ్యలో అధికారి సొంతంగా ఆలోచించినట్టు ఎక్కడ కనిపిస్తుంది?

అదే సెక్షన్‌లో ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. పిస్టల్, రివాల్వర్ లాంటివి అడిగితే "సరైన కారణం" ఉందని అధికారికి నమ్మకం కుదరాలి. కానీ బ్యారెల్ 20 అంగుళాలకు తగ్గని స్మూత్ బోర్ (గొట్టం లోపల గాడులు లేని) తుపాకీ, అంటే గార్డులు పట్టుకునే డబుల్ బ్యారెల్ లాంటిది, రక్షణ కోసమో క్రీడ కోసమో అడిగితే దాన్ని చట్టం వేరే వరసలో పెట్టింది. పంట కాపలాకి వాడే బర్మారు, అంటే గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకీ, కూడా ఆ వరసలోనే ఉంది. సెక్షన్ 14లో చెప్పిన అడ్డంకులు లేకపోతే ఇవ్వాలన్నదే అక్కడి ధోరణి. "ప్రాణహాని ఉంటేనే" అన్న మాట అక్కడ లేదు. 2016 ఆయుధాల నిబంధనల్లో కూడా వ్యాపారం, వృత్తి, ఉద్యోగ స్వభావం వల్ల ప్రాణాన్నో ఆస్తినో కాపాడుకోవాల్సిన నిజమైన అవసరం ఉన్నవాళ్ల దరఖాస్తులు పరిశీలించవచ్చని ఉంది. "ఉద్యోగం" అన్న మాట నిబంధనలోనే ఉంటే, ఉద్యోగం కోసం పెట్టిన దరఖాస్తుని ఉద్యోగం ఊసే ఎత్తకుండా కొట్టేయడం ఏం పద్ధతి?

ఇక సెక్షన్ 14. ఎప్పుడు నిరాకరించవచ్చో అందులో ఉంది. చట్టప్రకారం అనర్హుడైతే, మతిస్థిమితం లేకపోతే, వేరే కారణంతో తగని మనిషైతే, ప్రజాశాంతికో ప్రజాభద్రతకో ముప్పు అనిపిస్తే. ఆస్తి తక్కువని మాత్రం నిరాకరించకూడదని ప్రత్యేకంగా రాశారు. ఇది చదివినప్పుడు నాకు చాలా ఊరట కలిగింది, ఎందుకంటే "నీకేముందని తుపాకీ?" అన్న మాట మామయ్య ఒక ఆఫీసులో నిజంగానే విన్నారు. ఆ సెక్షన్‌లోనే మూడో క్లాజు: నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, దరఖాస్తుదారు అడిగితే క్లుప్తంగా వాటిని ఇవ్వాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా బయటికి ఇవ్వకూడదనుకుంటే తప్ప. ఇవ్వకపోవడానికి మినహాయింపు ఉంది. అసలు రాయకపోవడానికి లేదు.

కమిషనరేట్లలో పరిస్థితి ఇంకా ఇరుకు. జిల్లాల్లో కనీసం పోలీసు రిపోర్టు ఇస్తే కలెక్టరు జిల్లా మేజిస్ట్రేటు హోదాలో నిర్ణయిస్తారు. హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల లైసెన్సింగ్ అధికారి పోలీస్ కమిషనరే. విచారించేదీ, సిఫార్సు చేసేదీ, నిర్ణయించేదీ ఒకే శాఖ. అలాంటి చోట కారణాలు మరింత వివరంగా ఉండాలి. దరఖాస్తుదారుడికి మిగిలిన రక్షణ ఆ కాగితమొక్కటే.

నాతో వాదించేవాళ్లు చెప్పే మాటలు కూడా నాకు తెలుసు. తుపాకీ ఉంచుకోవడం మన దేశంలో ప్రాథమిక హక్కు కాదు. నిజమే. 1993లో అలహాబాద్ హైకోర్టులో ఒక తీర్పు అది ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కిందకి వస్తుందన్నట్టు చెప్పినా, తర్వాత అదే కోర్టు ఫుల్ బెంచ్ ఆ మాటను ఒప్పుకోలేదు. 2023లో సుప్రీంకోర్టు కూడా అమెరికాతో పోలుస్తూ మన రాజ్యాంగం అలాంటి హక్కు ఇవ్వలేదని గుర్తు చేసింది. అమెరికాలో మన తెలుగు పిల్లలు ఎంతమంది కాల్పుల్లో పోయారో చూశాక, ఆ దారి మనకి వద్దనే నేనూ అంటాను. 2019 సవరణలో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకి తగ్గించారు, పెళ్లిళ్లలో గాల్లోకి కాల్చడాన్ని నేరం చేశారు. రెండూ మంచివే.

కానీ తుపాకీ హక్కు కాకపోవచ్చు, దరఖాస్తుని న్యాయంగా పరిశీలించమని అడగడం మాత్రం హక్కే. బ్రిటిష్‌వాళ్లు 1878లో చట్టం తెచ్చి భారతీయుడి చేతిలో లైసెన్సు లేకుండా ఆయుధం ఉండకూడదన్నప్పుడు కారణం చెప్పాల్సిన పని వాళ్లకి లేదు. ఆ అవమానం ఎంత కుట్టిందంటే, 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కుని కూడా చేర్చారు. 1959లో మనమే మన కోసం రాసుకున్న చట్టంలో "కారణాలు నమోదు చేయాలి" అన్న మాట పెట్టుకున్నాం. దాన్ని పాటించమని అడగడం ఫ్యాక్షనిజం ఎలా అవుతుంది?

ఇంకో వాదన ఉంది, అది కాస్త బలమైనదే. వ్యక్తిగత లైసెన్సు ఆత్మరక్షణకి, దాన్ని జీతం పనికి వాడకూడదు, ఏజెన్సీయే తన పేరున లైసెన్సు తీసుకుని గార్డుల్ని రిటైనర్లుగా, అంటే ఆ లైసెన్సు మీద తుపాకీ పట్టుకునే మనుషులుగా, పెట్టుకోవాలి అని. ఆలోచించాల్సిన మాటే. గార్డుల మీద సొంత తుపాకీ భారం మోపి ఏజెన్సీలు తప్పించుకుంటున్నాయని నేనూ అనుకుంటాను. అయితే ఆ మాట ఆర్డర్‌లో రాయండి. అప్పుడు మామయ్య దాని మీద వాదిస్తారు, లేదా ఏజెన్సీని నిలదీస్తారు. ఆర్డర్‌లో లేని కారణాన్ని కౌంటర్ దగ్గర గుమాస్తా నోటితో చెబితే దాని మీద ఎవరు అప్పీలు చేయగలరు? 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. ఉత్తర్వు అందులో రాసిన కారణాల మీదే నిలవాలి, తర్వాత అఫిడవిట్లలో కొత్త కారణాలు చేర్చి నిలబెట్టకూడదు.

మామయ్యకి అప్పీలు వేయమని చెప్పినప్పుడు మా ఇంట్లో అందరికీ టెన్షన్. "పోలీసుల మీద కంప్లైంట్ ఎందుకు, రేపు ఏదైనా పనిబడితే వాళ్ల దగ్గరికే పోవాలి కదా" అని అత్తయ్య భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, ఊళ్లో బతికేవాళ్లకి అది నిజమైన భయమే. కానీ సెక్షన్ 18 కింద అప్పీలు ఎవరి మీదా కంప్లైంట్ కాదు. చట్టమే తెరిచి పెట్టిన తలుపు అది. అప్పీలు అధికారి మన వాదన వినే అవకాశం ఇవ్వాలి, అది కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. రిటైరయిన సైనికులు ఈ దేశంలో ఎవరికన్నా ఎక్కువ క్రమశిక్షణతో పైఅధికారికి అర్జీ పెట్టుకోగలరు. వాళ్లని కూడా భయపెట్టగలిగిన ఒక్క లైను ఆర్డర్ మామూలు రైతుని ఏం చేస్తుంది? పంట మీద పడే అడవి పందుల కోసం బర్మారు లైసెన్సు అడిగిన రైతు, ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియక ఇంటికి వెళ్లిపోతాడు. తర్వాత పొలం చుట్టూ కరెంటు తీగ పెడతాడు. ఆ తీగ తగిలి మనుషులు చనిపోయిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

మామయ్య కాగితాలతో కూర్చున్నాక నాకు అర్థమైనవి, ఇలాంటి ఆర్డర్ చేతిలో ఉన్నవాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను. మొదట ఆర్డర్ తేదీ చూడండి. అప్పీలుకి గడువు 30 రోజులు. ఆర్డర్ పోస్టులో ఆలస్యంగా వస్తే ఆ కవరు పారేయకండి, దాని మీది ముద్రే మీ సాక్ష్యం. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం అప్పీలు అధికారికి ఉంది, అయినా దాని మీద ఆధారపడకండి. సెక్షన్ 14(3) కింద కారణాలు ఇవ్వమని ఒక అర్జీ, పోలీసు రిపోర్టు నకలు ఇవ్వమని సమాచార హక్కు కింద ఇంకో అర్జీ అదే రోజు పెట్టండి. వాటి జవాబు వచ్చేదాకా అప్పీలు ఆపకండి, జవాబు వచ్చాక అదనపు కాగితాలుగా జత చేయొచ్చు. అర్జీ ఇచ్చిన ప్రతిచోటా నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

అప్పీలులో దేశభక్తి గురించి, చేసిన సేవ గురించి పేజీలు రాయకండి. ఏం అడిగారు, దేనికి అడిగారు, ఆర్డర్ దేనికి జవాబిచ్చింది, ఏది వదిలేసింది. ఇవి చాలు. ఏదో పాత కేసు పెండింగ్‌లో ఉందని నిరాకరిస్తే, కేసు ఉన్నంత మాత్రాన సరిపోదని హైకోర్టులు చాలాసార్లు చెప్పాయి, ఆ కేసు స్వభావం ఏమిటో రాయండి. అప్పీలులోనూ న్యాయం జరగకపోతే ఆర్టికల్ 226 కింద హైకోర్టు ఉంది. అక్కడ కోర్టు లైసెన్సు చేతికిస్తుందని అనుకోవద్దు. ఎక్కువగా జరిగేది, కారణం లేని ఆర్డర్‌ని కొట్టేసి మళ్లీ పరిశీలించమని వెనక్కి పంపడం. నేరుగా హైకోర్టుకి వెళ్తే "ముందు అప్పీలు ఎందుకు వేయలేదు" అని అడుగుతారు, అందుకే ఆ మెట్టు దాటే వెళ్లాలి.

మామయ్య అప్పీలు వేశారు, వాయిదా కోసం చూస్తున్నారు. ఈలోపు లాఠీ పట్టుకుని ఒక అపార్ట్‌మెంట్‌లో రాత్రి డ్యూటీ చేస్తున్నారు. రేపు అప్పీలు అధికారి కూడా ఇవ్వనంటే, ఇలాంటి ఇలాంటి కారణాల వల్ల ఇవ్వమని ఒక పేజీ రాసిస్తే, ఆయన దాన్ని ఒప్పుకుంటానంటున్నారు. కలెక్టరేట్లలో, కమిషనరేట్లలో పనిచేసేవాళ్లు ఈ పోస్టు చదువుతుంటే నేను అడిగేది ఇంతే. తర్వాతి ఫైలు మీద సంతకం పెట్టే ముందు దరఖాస్తులో "ఎందుకు కావాలి" అన్న గడిని ఒకసారి చదవండి, మీ ఆర్డర్ దానికి జవాబు చెప్పేలా రాయండి, పోలీసు రిపోర్టు నకలు దానికి జత చేయండి.