ఆటకు లేని అడ్డు రైలుకేనా?

పంజాబ్ సరిహద్దులోని అట్టారీ మీదుగా పాకిస్థాన్‌కు నడిచి, 2019లో ఆగిపోయిన సంఝౌతా ఎక్స్‌ప్రెస్ రైలును మళ్లీ నడపాలని ఎవరైనా నోరెత్తితే చాలు, విరుచుకుపడుతున్నారు. పహల్గాం మరిచారా అని నిలదీస్తున్నారు. నెల్లూరు జిల్లాను ఆ ప్రశ్న అడగనక్కర్లేదు. 2025 ఏప్రిల్ 22న అక్కడ ఉగ్రదాడికి బలైన 26 మందిలో మన కావలి మనిషీ ఉన్నాడు. ఆ కోపం మాకూ ఉంది. మరి అదంతా రైలు మీదే ఎందుకు?

అదే ఏడాది సెప్టెంబరులో దుబాయ్‌లో, ఆసియా కప్‌లో, పాకిస్థాన్‌తో మూడుసార్లు ఆడాం. చేతులు కలపలేదట, అదీ మన పౌరుషం! టీవీ హక్కులకు, ప్రకటనల డబ్బుకు మాత్రం ఏ సరిహద్దూ అడ్డురాలేదు. చాలా దేశాలు ఆడే టోర్నీ, తప్పదన్నారు. డబ్బుంటే తప్పదు, లేకపోతే దేశద్రోహం.

1971 యుద్ధం చేసిన ఇందిరాగాంధీ ప్రభుత్వమే 1976 జూలై 22న ఈ సంఝౌతా ఎక్స్‌ప్రెస్‌ను పట్టాలెక్కించింది. పార్లమెంటుపై దాడి తర్వాత ఆగిన ఆ రైలును 2004 జనవరిలో మళ్లీ కదిలించింది వాజ్‌పేయి ప్రభుత్వం. వాళ్లకు దేశభక్తి తక్కువైందా? 2019 ఆగస్టులో 370 అధికరణం రద్దుపై అలిగి ముందు ఆపింది పాకిస్థానే. వాళ్ల సిబ్బంది సరిహద్దుకు అవతలి వైపున్న వాఘా దాటి రామంటే, మన ఇంజను వెళ్లి, చిక్కుకుపోయిన ప్రయాణికులను అట్టారీకి లాక్కొచ్చింది. గొప్ప పని. కొద్ది రోజులకే మనమూ రద్దు చేసి కూర్చున్నాం.

భద్రత మాటేమిటంటారు. 2007లో పానిపట్ దగ్గర ఇదే రైల్లో బాంబులు పేలి 68 మంది చనిపోయారు. తనిఖీలు ఎంత గట్టిగా చేసినా తప్పులేదు. కానీ 2019 నుంచి రైలే లేదు కదా, పహల్గాం ఆగిందా? హంతకులు టికెట్ కొనుక్కుని వచ్చారా?

ఆ రైలెక్కేది పెళ్లికో చావుకో అవతలికి పోవాల్సినవాళ్లు. అట్టారీలో మూటాముల్లె దించి, కస్టమ్స్ వరసలో గంటలు నిలబడి, మళ్లీ ఎక్కేవాళ్లు. రైలు లేకపోతే ఎలా ఉంటుందో నడికుడి–శ్రీకాళహస్తి లైను కోసం ఏళ్లతరబడి కాచుకున్న కనిగిరి, పామూరు జనానికి ఒకరు చెప్పాలా?

పాకిస్థాన్‌తో ఏ సంబంధమూ వద్దంటారా, సరే, ఆటతో సహా వద్దనండి. ఆ మాట క్రికెట్ బోర్డు ముందు అనే దమ్ము లేనివాళ్లు అట్టారీ గేటు దగ్గర మీసాలు తిప్పడం మానుకోవాలి. మన ఎంపీలూ ఈ రెండు నాలుకల వ్యవహారంపై ఇంకెన్నాళ్లు నోరు మూసుకుంటారు?